నల్లని గిన్నె – సెన్ నో రిక్యూ చరిత్రము

1590వ సంవత్సరమున శరదృతువునందు, జపాను రాజధానియగు క్యోటోలో, జురకుదాయి రాజసౌధమునకు చేరువనున్న యొక గృహమున వృద్ధుడొకడు తన యతిథికి తేనీరు ఇచ్చుచుండెను. అతిథి హకత రేవునకు చెందిన కామియ సోతన్ అను వర్తకుడు. తాను పాల్గొన్న తేనీటివిందులను గూర్చి దినచర్యలో వ్రాసికొను అలవాటు ఆయనకు కలదు. ఆనాటి పుటలో ఆయన యొక చిన్న సంగతిని గుర్తుపెట్టెను. గృహస్థు మొదట నల్లని గిన్నెలో తేనీరు చిలికి యిచ్చెనట. పిమ్మట దానిని తొలగించి సెటో మట్టితో చేసిన మరియొక గిన్నెను ఆ స్థానమున నుంచెనట. నల్లని గిన్నెలో తేనీరు కలుపుట ప్రభువువారికి గిట్టదని కారణము కూడ చెప్పెనట.

ఇంతే సంగతి. చదువువారు దీనిని దాటి పోవచ్చును. కాని ఏడు నెలలు తిరుగకముందే ఆ గృహస్థు ఆ ప్రభువు ఆజ్ఞచేతనే కడుపు చీల్చుకొని మరణించెను. గృహస్థు పేరు సెన్ నో రిక్యూ. ప్రభువు పేరు తొయొతొమి హిదెయోషి. నల్లని గిన్నెయే ఆ మరణమునకు కారణమని చెప్పుట సాహసము, నేనట్లు చెప్పబోను. అయినను ఆ గిన్నెను విడిచి రిక్యూ జీవితమును చెప్పుటయు సాధ్యము కాదు.

మనకు తేనీరనగా పాలు, పంచదార, కప్పు, సాసరు జ్ఞప్తికి వచ్చును. రిక్యూ కాలపు తేనీరు అది కాదు. లేత తేయాకును ఆవిరిపట్టి, ఎండబెట్టి, తిరుగలిలో మెత్తగా విసరి, ఆ పచ్చని పొడిని గిన్నెలో వేసి, వేడినీరు పోసి, వెదురు కవ్వముతో చిలుకుదురు. ఆ గిన్నెకు పిడి యుండదు. త్రాగువాడు దానిని రెండరచేతులయందును పట్టుకొని పెదవులకు చేర్చుకొనవలెను. చిక్కని తేనీరైనచో ఒకే గిన్నె అతిథులందరి చేతులును దాటి వచ్చును. కావున ఆ దేశమున గిన్నె కేవలము పాత్ర కాదు. దాని బరువు, దాని అంచు, దాని మీది పూత యొక్క నునుపు లేక గరుకు, ఇవన్నియు విందులో భాగములే. నేడు జపాను ప్రభుత్వము జాతీయ నిధులుగా ప్రకటించిన తేనీటిగిన్నెలు ఎనిమిది కలవు. వానిలో ఐదు చైనాలో పుట్టినవి, ఒకటి కొరియాలో పుట్టినది, రెండు మాత్రమే జపానులో చేసినవి. పరదేశపు గిన్నెలకు ఆ దేశమువారు ఎంతటి గౌరవ మిచ్చిరో ఈ లెక్కయే చెప్పును. ఆ గౌరవమును కాదనక, దాని ప్రక్కనే తన ఊరి మట్టికి చోటు చూపినవాడు రిక్యూ.

ఆయన 1522లో సకాయి పట్టణమున జన్మించెను. చిన్ననాటి పేరు తనక యొషిరో. తండ్రి చేపల టోకు వ్యాపారము చేయు గిడ్డంగుల యజమాని. సకాయి నేటి ఒసాకా నగరమునకు దక్షిణముగా నున్న రేవుపట్టణము. దేశమంతయు సామంతుల కలహములతో తగులబడుచున్న ఆ కాలమున సకాయి వర్తకులు తమ పట్టణము చుట్టును కందకము త్రవ్వించుకొని, తమ పరిపాలనను తామే చూచుకొనుచు, చైనాతో వర్తకము నడుపుకొనుచుండిరి. ధనమున్నచోట కళాభిరుచి చేరును. ఆ వర్తకులకు తేనీటివిందు కాలక్షేపము మాత్రమే కాదు. వ్యాపారపు మంతనములకును, పరపతికిని అది వేదిక.

యొషిరో మొదట కితముకి దోచిన్ వద్దను, తరువాత సకాయిలోనే యున్న తకెనో జోవో వద్దను ఈ విద్య నభ్యసించెను. క్యోటోలోని దాయితొకుజి అను జెన్ బౌద్ధాలయమున ధ్యానశిక్షణ పొంది సోయెకి అను పేరు గ్రహించెను. ఆయన జీవితమున అధికభాగము ఈ సోయెకి నామముతోనే గడచెను. రిక్యూ అను పేరు అరువది దాటిన పిదప వచ్చినది.

ఆయన గృహస్థుగా నిచ్చిన విందులలో మనకు తెలిసినంతవరకు మొదటిది 1544 నాటిది. ఆనాటి యతిథి నారా పట్టణమునకు చెందిన మత్సుయ వంశీయుడు. ఆ వంశమువారును దినచర్యలు వ్రాసియుంచిరి. ఇరువదిరెండేండ్ల సోయెకి ఆనాడు వాడిన గిన్నెను షుకో గిన్నె యందురు. ఈ గిన్నెను గూర్చి కొంత చెప్పవలసియున్నది. దీనిని తెలిసికొన్నచో మిగిలిన కథ సులువుగా బోధపడును.

మట్టిపాత్రపై గాజువలె మెరయు పొరను మనము గ్లేజు అనియో మెరుగుపూత అనియో అందుము. ఇసుకరాతి పొడి యొంటరిగా ఆవములో కరగదు. దానికి బూడిదనో సీసమునో తోడు చేసినచో తక్కువ వేడికే కరగి గాజుగా మారును. ఆ గాజునకు రంగు నిచ్చు వస్తువులలో ముఖ్యమైనది ఇనుము. పూతలో ఇనుము నూటికి ఒకటి రెండు పాళ్లుండి, ఆవములోనికి గాలి చొరకుండ పొగతో కాల్చినచో పూత మరకతమువంటి లేత ఆకుపచ్చ యగును. ఆ పూతకే గాలి సోకినచో పసుపు కలిసిన గోధుమవన్నె వచ్చును. ఇనుము పాళ్లు మరికొంత పెరిగినచో నలుపు వచ్చును. ఒకే లోహము, ఒకే అగ్ని. పాళ్లను బట్టి, గాలిని బట్టి ఇన్ని రూపములు. రసాయనశాస్త్రము బోధించు మిత్రులు ఈ యుదాహరణమును తరగతిలో వాడుకొనవచ్చును.

చైనాలో సుంగ్ వంశీయుల కాలమున ఫుజియన్ ప్రాంతపు ఆవములలో తయారైన నల్లని గిన్నెలను జపానువారు తెన్మొకు అనిరి. జెన్ సన్న్యాసులు వానిని తెచ్చిరి. ఆ నలుపుపై నూనెచుక్కలవలె వెండి బొట్లు దేలియుండును; కొన్నిటిలో నీలకాంతులు చుక్కలచుట్టు వలయములై మెరయును. ప్రభువులు వానిని ఎత్తయిన పీఠములపై నుంచి పూజ్యవస్తువులవలె చూచుచుండిరి. మరకతవర్ణపు సెలడన్ గిన్నెలదియు అదే గౌరవము. అయితే ఫుజియన్ ఆవములలోనే గాలి సోకి, ఆకుపచ్చ రావలసినది గోధుమవన్నెగా మారిన నాసిరకపు సెలడన్ గిన్నెలు కూడ ఓడలలో వచ్చుచుండెను. పదునైదవ శతాబ్దమున మురత షుకో అను తేనీటి ఆచార్యుడు వానినే యెన్నుకొని తన విందులలో వాడెను. అందుచేత వానికి ఆయన పేరు వచ్చినది. రంగు చెడిన గిన్నెలో ఆయనకు ఏదో శాంతి కనబడెను. ఆ షుకో గిన్నెతోనే యువకుడైన సోయెకి తన విందు నడిపెననుట యాదృచ్ఛికము కాదు. ఆయన నడువబోవు దారి అప్పటికే కొంత దూరము వేయబడియుండెను.

ఆ దారిలో తరువాతి మజిలీ కొరియా గిన్నెలు. ఇదో యను పేర ప్రసిద్ధములైన ఆ గిన్నెలు కొరియా పల్లెలలో తేనీటికొరకు పుట్టినవి కావు. సారెపై చకచక తిప్పి, పలుచని పూతలో ముంచి, గుట్టలుగా కాల్చినవి. పూత అడుగుభాగమున చిట్లి, ముద్దలు కట్టి యుండును. చేసినవాడు దానిని దోషముగా కూడ తలపోసియుండడు. అసలు తలపోసియే యుండడు. జపాను ఆచార్యులు ఆ చిట్లిన పూతలోనే సొగసు చూచిరి. నా దృష్టిలో ఇది కన్ను చేసిన సృష్టి. చేయికంటె ముందు కన్ను పని చేసిన సందర్భములు కళాచరిత్రలో అరుదు.

1568లో ఓద నోబునాగా సైన్యముతో రాజధానిని ప్రవేశించి, సకాయి వర్తకులను ఇరువదివేల కన్నుల ధనము కప్పముగా నడిగెను. కన్ను అనగా వారి దేశమున వేయి నాణెముల దండ. వర్తకులు మొదట తిరస్కరించి, మరుసటి యేట లొంగిపోయిరి. నోబునాగాకు తేనీటిపాత్రలపై విపరీతమైన మక్కువ. పేరుగాంచిన పాత్రలను కొన్నిటిని కొని, కొన్నిటిని కొనినట్లు లాగికొని సేకరించెను. యుద్ధమున గెలిచిన సేనానికి భూమికి మారుగా ఒక పాత్రను బహూకరించుట కూడ ఆయన కాలముననే పరిపాటి యయ్యెను. ఇమయి సోక్యూ, త్సుద సోగ్యూ, సోయెకి – ఈ మువ్వురు సకాయివారును ఆయనకు తేనీటి ఆచార్యులైరి. 1582లో హొన్నోజి ఆలయమున సొంత సేనాని ద్రోహమునకు లోబడి నోబునాగా మరణించినపుడు, వెంట తెచ్చుకొనిన అమూల్య పాత్రలు కూడ అగ్నిలో కలిసిపోయెను.

అటు తరువాత దేశము హిదెయోషి చేతిలోనికి వచ్చెను. ఈయన రైతుబిడ్డ. నోబునాగాకు చెప్పులు మోయు పనితో కొలువు ప్రారంభించెనని ప్రతీతి. అట్టివాడు 1585 నాటికి చక్రవర్తికి ప్రతినిధియై దేశము నేలెను. సోయెకి ఆయన కొలువున ప్రథమాచార్యుడయ్యెను. ఆ సంవత్సరముననే హిదెయోషి రాజభవనమున ఓగిమచి చక్రవర్తికి తేనీటివిందు నర్పించెను. వర్తకుడు రాజభవనమున అడుగిడుటకు అర్హుడు కాడు. అందుచేత బౌద్ధ ఉపాసకుని హోదాతో రిక్యూ అను నామమును చక్రవర్తి సోయెకికి అనుగ్రహించెను. మరుసటి సంవత్సరమున ఓతొమొ సోరిన్ అను సామంతుడు ఒసాకా కోటకు వచ్చినపుడు, బహిరంగ విషయములకు తనను, అంతరంగ విషయములకు రిక్యూను ఆశ్రయింపవలసినదని హిదెయోషి తమ్ముడు హిదెనగ చెప్పినట్లు ఆ సామంతుని లేఖ వలన తెలియుచున్నది. తేనీరు చిలుకు చేతికి రాజ్యతంత్రము కూడ అంటెనన్నమాట.

రిక్యూ కట్టించిన గదులలో నేటికి నిలిచియున్నది తయియన్ యొక్కటే యందురు. యమజాకిలోని మ్యోకియన్ ఆలయమున నున్నది. రెండు చాపల వైశాల్యము. మట్టిగోడలు. లోనికి పోవు ద్వారము ఎత్తు మోకాలిని మించి కొంత. రెండున్నర అడుగుల ప్రాంతము. ఎంతటి వీరుడైనను కత్తిని బయట విడిచి, తల వంచి, మోకాళ్లపై ప్రాకి లోపలికి రావలసినదే. ఈ గదిని మెచ్చుకొనువారు సాధారణముగా రెండవ గది సంగతి దాటవేయుదురు. హిదెయోషికి మరియొక గది కలదు: గోడలు, కప్పు, పాత్రలు అన్నియు బంగారమయము, విడదీసి ఎక్కడికైనను మోసికొని పోవచ్చును. 1586లో దానిని రాజభవనమున నిలిపి చక్రవర్తికి చూపిరి. ఆ బంగారుగది రూపకల్పనలో రిక్యూ చేయి యున్నదని పలువురు పండితుల అభిప్రాయము. అందులో తేనీరు చిలికినవాడు మాత్రము నిశ్చయముగా రిక్యూయే. కావున రిక్యూను సర్వసంగపరిత్యాగిగా చిత్రించు గ్రంథములను చదువునపుడు కొంత జాగ్రత్త అవసరము. ఆయన కొలువులోని మనిషి, ధనికుడు, ప్రభువు మనస్సెరిగి మెలగినవాడు. అట్టి మనిషి నల్లని గిన్నెను చేయించెననుటయే నన్ను ఆకర్షించిన విషయము.

ఆ గిన్నెను చేసినవాడు చోజిరో. ఆయన తండ్రి చైనానుండి వచ్చినవాడనియు, ఆకుపచ్చ, పసుపు మొదలగు మూడు వన్నెల సీసపు పూతను ఎరిగినవాడనియు చెప్పుదురు. చోజిరో కప్పు పెంకులు చేయు వృత్తివాడు. 1574 అని తేదీ చెక్కిన సింహపు బొమ్మ యొకటి ఆయనది నేటికిని కలదు. జూలు విరబోసికొని, తోక పైకెత్తి, నోరు తెరచి ఉరుముచున్న బొమ్మ. ఆ బొమ్మను చేసిన చేతులే నల్లని గిన్నెను చేసినవనిన నమ్మబుద్ధి కాదు. రంగుల విద్య కులవృత్తిగా వచ్చినవాడు రంగులన్నిటిని ప్రక్కకు పెట్టి, నలుపును, ఎరుపును రెండింటినే యుంచుకొనెను. ఈ మార్పు రిక్యూ వలన వచ్చినది. 1586 నాటి మత్సుయవారి దినచర్యలో, నారాలో నొకరి విందున సోయెకి తీరు గిన్నె యొకటి కనబడినట్లున్నది. చోజిరో గిన్నెను గూర్చిన తొలి ప్రస్తావన యదియేనని పండితుల తలపు. చేసినవాని పేరున గాక చేయించినవాని పేరున గిన్నె ప్రసిద్ధమగుట గమనింపదగినది. అప్పటి జనులు దానిని ఇప్పటి పాత్ర అని కూడ పిలిచిరి. ప్రాచీన వస్తువులకే వెల గట్టు లోకమున, నిన్న మొన్న కాలిన మట్టి వచ్చి కూర్చుండెను.

చోజిరో గిన్నెను సారెపై తిప్పలేదు. మట్టిని రొట్టెవలె పరచి, అంచులను రెండు చేతులతో మెల్లగా పైకి లేపి, అరచేతుల మధ్య గోడగా నిలిపి, ఆరిన పిదప బద్దతో చెక్కెను. సారె తిప్పిన గిన్నె గుండ్రముగా వచ్చును. చేతితో లేపిన గిన్నె అరచేతి లోపలి ఆకృతిని పొందును. గుండ్రముగా నుండదు, వంకరయని చెప్పుటకును వీలుకాదు. ఎర్రని గిన్నెకు కావిరంగు మన్ను పూసి, పైన పారదర్శకమైన సీసపు పూత నుంచి, ఎనిమిదివందల సెంటిగ్రేడు డిగ్రీల ప్రాంతమున కాల్చుదురు. నల్లని గిన్నె పద్ధతి వేరు. క్యోటో నడుమ పారు కామో నదిలో దొరకు ఒక నల్లని రాతిలో ఇనుము, మాంగనీసు కలవు. ఆ రాతిని నూరి పూత చేయుదురు. పలుమారులు పూసి ఆరనిత్తురు. ఆవము ఇంటిలో నిమిడిపోవునంత చిన్నది. బొగ్గు పేర్చి, తిత్తులతో గాలి యూది, ఒక్కొక్క గిన్నెను విడివిడిగా వేయి డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చుదురు. పూత కరగి కరగనట్లుండగనే పెద్ద పటకారుతో ఎర్రగా మండుచున్న గిన్నెను పట్టి బయటికి లాగుదురు. మెల్లగా చల్లారినచో గోధుమవన్నెకు తిరుగు ఇనుపపూత, ఒక్కసారిగా చల్లారుటచే నల్లగా నిలిచిపోవును. ఆ నలుపు తెన్మొకు నలుపువలె మెరయదు. కాంతిని త్రాగివేయును. దగ్గరగా చూచినచో ఎండిన చెరువు అడుగువలెనో, వానకు తడిసిన రాయివలెనో కనబడును. పటకారు పట్టిన గుర్తు కూడ కొన్ని గిన్నెలపై నిలిచియుండును.

రిక్యూకు ఈ గిన్నె యెందులకు నచ్చెను? ఆయన వ్రాసి యుంచలేదు. గిన్నెను బట్టియే ఊహింపవలెను. మొదటిది, ఆ మట్టి గుల్లగా నుండును; వేడి మెల్లగా చేతికి వచ్చును. లోపల తేనీరు మరుగుచున్నను అరచేయి కాలదు, వెచ్చనగును. రెండవది, తయియన్ వంటి చీకటిగదిలో నల్లని గిన్నె కంటికి మాయమై, లోపలి పచ్చని తేనీరు మాత్రము కనబడును. మూడవది చెప్పుటకు కొంచెము కష్టము. తెన్మొకు గిన్నెను చూచినవాడు దానిని పొగడక తప్పదు. అది పొగడ్తను కోరును. ఈ గిన్నె దేనిని కోరదు. బంగారుగదిలో తేనీరు చిలికి వచ్చిన మనిషికి ఇట్టి వస్తువు అవసరమై యుండును.

ఈ పాత్రలకు తరువాత రాకు అను పేరు స్థిరపడెను. 1587లో పూర్తియైన జురకుదాయి సౌధము పేరునుండి ఆ మాట వచ్చినదని చెప్పుదురు. ఆ ప్రాంతపు మట్టినే వాడిరి గూడ. రాకు అనగా సుఖము, ఆనందము అని యర్థము. ప్రభువు సౌధము పేరే ప్రభువునకు గిట్టని గిన్నెకు అంటుకొనుట విధి విలాసము.

అదే సంవత్సరము అక్టోబరు నెల మొదటి తేదీన, వారి చాంద్రమానము ప్రకారము, కితనో దేవాలయపు పైన్ వనమున హిదెయోషి మహా తేనీటివిందు జరిపెను. దొరలే కాదు, వర్తకులును రైతులును రావచ్చుననియు, ఒక కాగు, ఒక చేద, ఒక గిన్నె తెచ్చుకొనిన చాలుననియు, తేయాకు లేనివారు వేయించిన ధాన్యపు పిండితోనైనను సరిపెట్టుకొనవచ్చుననియు ఊరూర పలకలు కట్టించెను. రానివాడు ఇకమీదట తేనీరు చిలుకరాదని బెదిరింపు కూడ చేర్చెను. పది దినములు జరుగవలసిన ఆ విందు ఒక్క దినముతో ముగిసెను. ఆనాడు ప్రజలకు తేనీరు చిలికి యిచ్చినవారిలో హిదెయోషియు, రిక్యూయు కూడ నుండిరి. రిక్యూ కీర్తికి అది శిఖరము.

ఆయన శిష్యులలో ఫురుత ఒరిబె, హొసొకవ తదఒకి, గమో ఉజిసతొ మొదలగు సేనానులు ముఖ్యులు. చోజిరో గిన్నెలకు పెట్టిన పేర్ల వెనుక ఈ శిష్యుల కథలు చాల కలవు. రిక్యూ కొన్ని గిన్నెలను శిష్యుల ముందుంచి నచ్చినవి యెన్నుకొనుమనెనట. అందరును తీసికొనగా ఎర్రని గిన్నె యొకటి మిగిలిపోయెను. దానికి ఆయన కిమమొరి అని పేరు పెట్టెను. కాకి యను పండ్లచెట్టొకటి ఆ దేశమున కలదు. పేరు విని నవ్వవలదు, అది మన తునికి చెట్టునకు జ్ఞాతి. శీతకాలమున పండ్లన్నియు కోసి, మరుసటి యేటి కాపుకొరకు చెట్టుమీద ఒక్క పండు విడుతురు. ఆ పండే కిమమొరి. మరియొక నల్లని గిన్నె పేరు షున్కన్. సత్సుమ ప్రాంతమువారికి మూడు గిన్నెలు పంపగా రెండు తిరిగివచ్చి ఒకటి నిలిచిపోయెనట. పూర్వము దీవికి వెడలగొట్టబడిన మువ్వురిలో ఇద్దరికి క్షమాభిక్ష దొరకి, షున్కన్ అను సన్న్యాసి యొక్కడే మిగిలిపోయిన గాథ ఆ దేశమున ప్రసిద్ధము. ఆ పేరే గిన్నెకు వచ్చినది.

ఇట్టి కథలలో ఎన్ని నిజములో నిర్ణయించుట సులభము కాదు. రిక్యూ స్వయముగా గ్రంథము వ్రాయలేదు. ఆయన మాటలుగా చెలామణి యగుచున్న నంపొరొకు అను గ్రంథము ఆయన మరణించిన నూరేండ్లకు వెలుగు చూచినది. తోటలోని పూవులన్నిటిని కోయించి ప్రభువునకు ఒక్క పూవునే చూపెనను కథను మీరు విద్యార్థులకు చెప్పియేయుందురు. చెప్పుడు, తప్పులేదు, కథయని చెప్పుడు. దినచర్యలును, లేఖలును మాత్రము గట్టి సాక్ష్యములు. అందుచేతనే నేను కామియ సోతన్ వ్రాసిన ఆ రెండు మూడు పంక్తులకు అంత విలువ నిచ్చితిని.

1589లో చోజిరో మరణించెను. 1590 వసంతమున హిదెయోషి తూర్పుదేశపు హోజో వంశీయులపై దండెత్తి ఓదవర కోటను ముట్టడించెను. రిక్యూయు వెంట పోయెను. ఆయన పాత శిష్యుడు యమనొఉయె సోజి అప్పుడు హోజోవారి ఆశ్రయమున నుండెను. నోటి దురుసువాడు, లోగడ హిదెయోషి కోపమునకు గురియై వెడలగొట్టబడినవాడు. రిక్యూ మధ్యవర్తిత్వమున ప్రభువు దర్శనము లభించినను మరల ఏమో మాట తూలగా, చెవులు ముక్కు కోయించి చంపించెనని చెప్పుదురు. గురువు చూచుచుండ జరిగిన పని. ఆ ముట్టడి దినములలోనే రిక్యూ అక్కడి వెదురు కోసి పూలపాత్ర లొనర్చెను. అందొకదానికి ముందువైపున నిలువుగా బీట యున్నది; తోక్యో ప్రదర్శనశాలలో నేడును చూడవచ్చును. తిరిగివచ్చిన పిమ్మట, ఆ శరత్తునందే, ఆయన సోతన్ యెదుట నల్లని గిన్నెను తొలగించి సెటో గిన్నెను పెట్టెను. ముందు దానిలో తేనీ రిచ్చియే, తరువాత తొలగించెను. ఈ వరుసను గమనింపుడు.

1591 మొదటి నెలలో హిదెయోషి తమ్ముడు హిదెనగ వ్యాధితో మరణించెను. కొలువులో రిక్యూకు అండ పోయెను. రెండవ నెల 13వ తేదీన సకాయికి పోయి ఇల్లు వెడలకుండవలసినదని ఆజ్ఞ వచ్చెను. రాత్రివేళ యొదొ నది రేవున పడవ యెక్కునప్పుడు, ప్రభువు ఆగ్రహమునకు వెరవక ఇద్దరు శిష్యులు వచ్చి సాగనంపిరి: హొసొకవ, ఒరిబె. వారిని రేవులో చూచి ఆశ్చర్యపడితినని రిక్యూ మరునాడే వ్రాసిన లేఖ నిలిచియున్నది.

ఆరోపణలు రెండు. దాయితొకుజి ఆలయపు సింహద్వారమునకు రిక్యూ తన ధనముతో 1589లో పై అంతస్తు కట్టించెను. ఆలయమువారు కృతజ్ఞతతో అందులో ఆయన కొయ్యబొమ్మను నిలిపిరి. ఆ బొమ్మ కాళ్లకు చెప్పులున్నవి. ద్వారము క్రిందుగా పోవు చక్రవర్తి, ప్రభువు, ఒక వర్తకుని చెప్పుకాళ్ల క్రింద నడువవలసినదేనా అని కోపము. రెండవది, తేనీటిపాత్రలకు ఇష్టము వచ్చినట్లు వెల గట్టి లాభము తీసికొనెనని. 25వ తేదీన ఆ కొయ్యబొమ్మను ఇచిజో వంతెనవద్ద శిలువకు కట్టి ప్రదర్శించిరి. బొమ్మకు శిక్ష వేసిన సందర్భము చరిత్రలో మరియొకటి నా యెరుకలో లేదు. మరునాడు రిక్యూను క్యోటోకు రప్పించిరి. 28వ తేదీన, అనగా మన లెక్కకు ఏప్రిల్ 21న, సైనికులు ఇల్లు చుట్టుముట్టియుండగా ఆయన కడుపు చీల్చుకొనెను. ఆ దేశపు గణనము ప్రకారము వయస్సు డెబ్బది. తలను ఆ వంతెనవద్దనే ప్రదర్శించిరి. ప్రభువు తల్లిచేతను భార్యచేతను విన్నపము చేయించినచో క్షమ లభించునని మిత్రులు సలహా యిచ్చిరనియు, ఆడవారిచే ప్రాణము యాచింపనని ఆయన నిరాకరించెననియు సెన్ వంశచరిత్ర చెప్పుచున్నది.

ఈ శిక్షకు అసలు కారణమేమి? కుమార్తెను ప్రభువు కోరగా ఇయ్యలేదని కొందరు, కొలువులోని కక్షల బలియని కొందరు, కొరియా దండయాత్రకు ఎదురు చెప్పెనని కొందరు వ్రాసిరి. వర్తకుడు ఈ వస్తువు గొప్పది అనగానే దేశమంతయు దానిని గొప్పది యనుట ప్రభువునకు సహింపరానిదయ్యెనని నాకు తోచును. చెప్పుల ఆరోపణయు, వెలల ఆరోపణయు, రెండును దీనికే వచ్చి చేరుచున్నవి. బంగారమును గెలిచి తెచ్చుకొనవచ్చును. మట్టిగిన్నెకు వెల పెట్టు కంటిని గెలిచి తెచ్చుకొనుట ఎట్లు? వెలల విషయమున రిక్యూ పూర్తిగా నిర్దోషియని వాదింప నాకు ఉత్సాహము లేదు. వర్తకుడు వర్తకుడే.

ఆశ్చర్యమేమనగా, మరుసటి సంవత్సరము డిసెంబరులో హిదెయోషి ఫుషిమిలో క్రొత్త కోట కట్టించుటకు వ్రాసిన లేఖలో, రిక్యూ అభిరుచికి తగినట్లు కట్టవలసినదని ఆదేశించెను. చంపించిన మనిషి కన్ను ఆయనకు అప్పటికిని అవసరమయ్యెను. ఆ లేఖ నాటికే ఆయన సేనలు కొరియాలో నుండెను. 1598 వరకు సాగిన ఆ యుద్ధమున జపాను సామంతులు కొరియా కుమ్మరులను కుటుంబములతో సహా పట్టి తెచ్చిరి. వారు ఎంతగానో మెచ్చుకొనిన గిన్నెల జన్మభూమియే కదా అది. హగి, సత్సుమ, అరిత ఆవములు అట్లు వచ్చిన కుమ్మరుల చేతిమీద వెలసినవి.

మరణమునకు కొలది దినముల ముందు రిక్యూ స్వయముగా చెక్కిన వెదురు చెంచా యొకటి ఒరిబెకు చేరెను. దాని పేరు కన్నీరు. ఒరిబె దానికి నల్లని గొట్టము చేయించి, ఆ గొట్టమునకు కిటికీవలె రంధ్రము పెట్టించి, గురువు జ్ఞాపకఫలకముగా భావించి నమస్కరించుచుండెనట. కాని గిన్నెల విషయమున ఆయన గురువును అనుకరింపలేదు. మినో ఆవములలో వంకర తిరిగిన గిన్నెలను, రాగి కలిసిన పచ్చని పూతలను, నలుపుపై తెల్లని గీతలను ప్రోత్సహించెను. ఆయనయు 1615లో ద్రోహారోపణపై తొకుగవ ప్రభువుల ఆజ్ఞచే కడుపు చీల్చుకొనవలసి వచ్చెను.

రిక్యూ దత్తపుత్రుడు షోఆన్‌ను గమో ఉజిసతొ ఉత్తరాన ఐజులోని తన కోటలో దాచి కాపాడెను. కొన్నేండ్లకు క్షమాపణ లభించి కుటుంబము క్యోటో చేరెను. మనుమని కుమారుల నుండి మూడు సెన్ కుటుంబములు వెలసినవి. నేడును తేనీటివిద్యను బోధించుచున్నవి. చోజిరో ఆవము కూడ ఆరలేదు. రాకు వంశమున పదునారవ తరమువాడు 2019లో కులనామమును స్వీకరించెను. ముందు తరములవారు నిలువచేసిన మట్టినే తరువాతి తరములవారు వాడుదురు.

శిష్యులెవ్వరును ఎన్నుకొనని ఆ ఎర్రని గిన్నె, కిమమొరి, తకమత్సు ప్రభువుల యింటికి చేరి భద్రముగా నుండెను. 1923 భూకంపమున తోక్యో తగులబడినపుడు అదియు పగిలిపోయెను. బూడిదలో దొరకిన పెంకును రాకు వంశీయులకు అప్పగించిరి. వారు క్రొత్త గిన్నెను చేసి, ఆ పాత పెంకును దాని గోడలో పొదిగి కాల్చిరి.